తగరం దీవిలో ధరవరలు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. పొరుగు దేశపు అంగడి ఇంకా రుచి. నలుగురు చేరిన చోట "ఫలానా చోట అంతా కారుచౌకటండీ! నెలకింత పారేస్తే మహారాజులా బతకొచ్చుట!" అనే పెద్దమనిషి ఒకడు తప్పకుండా ఉంటాడు. ఆ ఫలానా చోటు ఎప్పుడూ దూరాన్నే ఉంటుంది. దగ్గరున్న ఊరి గురించి ఎవరూ అలా అనరు. ఎందుకంటే అక్కడి కొట్టువాడు మనకు తెలుసు.

ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా, రష్యా దేశాలవాళ్ళకు ఆ ఫలానా చోటు చాలాకాలంగా థాయిలాండులోని ఫుకెట్ దీవి. అండమాన్ సముద్రం అంచున ఉంది. ఆ దేశంలోకెల్లా పెద్ద దీవి. ఉద్యోగాలు విరమించి, తమ దేశపు చలికి జడిసి, చేతిలో ఉన్న పింఛనుతో ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుందామని వచ్చి అక్కడే కాపురం పెట్టినవాళ్ళు వేలల్లో ఉన్నారు.

నేను ఆ దీవిలో ఓ రెండు వారాలున్నాను. సముద్రం చూడ్డానికే వెళ్ళానుగాని, పొద్దున్నే కాఫీ హోటల్లో చేరే ఆ తెల్లతల పెద్దమనుషుల మాటలు సముద్రం కంటే ఆసక్తిగా ఉన్నాయి. మన ఊళ్ళో రిటైరైనవాళ్ళు అరుగుమీద కూర్చుని కరువుభత్యం లెక్కలు వేసుకుంటారే, అచ్చం అలాగే వాళ్ళు మారకపు రేటు లెక్కలు వేసుకుంటారు. ఇవాళ పౌనుకు ఎన్ని బాత్‌లు? (బాత్ అంటే థాయి రూపాయి అన్నమాట.) రేటు పెరిగితే ఆ పూట ఇంకో కాఫీ. తగ్గితే నిట్టూర్పు.

వాళ్ళు చెప్పిన జాబితా విన్నాను. వీధి బండి మీద సేమ్యాల పులుసు చౌక. బొప్పాయి చౌక. అన్నం చౌక. వెన్న, జున్ను, ద్రాక్షసారా ప్రియం. పిల్లలుంటే ఇంగ్లీషు బడి జీతాలు చుక్కల్లో ఉంటాయి. టుక్‌టుక్ ఎక్కితే బేరమాడే ఓపిక ఉండాలి. వేసవిలో కొళాయి మొరాయిస్తే నీళ్ళ లారీకి కబురు పెట్టాలి. వయసు మీదపడితే ఆసుపత్రి బీమా ఒక్కటే మిగతా ఖర్చులన్నింటినీ మింగేస్తుంది. క్లుప్తంగా చెప్పాలంటే, దీవిలో పుట్టింది చౌక, ఓడెక్కి వచ్చింది ప్రియం.

ఈ సూత్రం వాళ్ళు కనిపెట్టింది కాదు. ఈ దీవికి ఇది తాతలనాటి సూత్రం.

పూర్వం ఈ దీవి ఇసుకకు కాదు, తగరానికి ప్రసిద్ధి. ఐరోపా నావికులు దీన్ని 'జంక్ సైలోన్' అని రాసుకున్నారు. సింహళంతో దీనికే సంబంధమూ లేదు లెండి. 'ఉజోంగ్ సలాంగ్' అనే మలయు మాట వాళ్ళ నోట పడి అలా అయింది. థాయి వాళ్ళకిది 'తలాంగ్'. పేరేదైనా సరుకొక్కటే. నేలలో ఎక్కడ తవ్వినా తగరమే!

ఈ తగరానికీ మన వంటింటికీ ఓ చిన్న చుట్టరికం ఉంది. మా అమ్మమ్మగారి వీధిలో "కళాయీ!" అని కేక వినపడగానే ఇత్తడి గిన్నెలన్నీ వాకిట్లోకి వచ్చేవి. కళాయివాడు కొలిమి రాజేసి, నవాసాగరం చల్లి, తగరం పూసి గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెన్నెల కాసేది. ఆ పూత లేకపోతే చింతపండు పులుసుకి ఇత్తడి చిలుమెక్కుతుంది. 'కళాయి' అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. అరబ్బు నావికులు తగరం దొరికే రేవును 'కళః' అన్నారనీ, అది మలయా ద్వీపకల్పపు పడమటి తీరంలో ఉండేదనీ, లోహానికి ఆ పేరే అంటుకుందనీ పండితులలో కొందరి అభిప్రాయం. అదే నిజమైతే మన అమ్మమ్మలు ఆ తీరం పేరు తెలియకుండానే రోజూ తలుచుకున్నారన్నమాట. కోరమండల్ తీరపు బట్టలు అటు వెళ్ళేవి, తగరమూ ఏనుగులూ ఇటు వచ్చేవి. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం ఓడలకు ఆ దారి బాగా తెలుసు.

లాభం ఉన్నచోటికి దొరలు రాకుండా ఉంటారా? ముందు డచ్చివాళ్ళు తగరం మీద కన్నేశారు. వాళ్ళ పెత్తనానికి విరుగుడుగా అయుత్థయ రాజు నారాయ్ ఫ్రెంచివాళ్ళను చేరదీశాడు. 1680లలో కొన్నేళ్ళపాటు రెనె షార్బొనో అనే ఫ్రెంచి వైద్యుణ్ణి, మతప్రచారక బృందంలోని మనిషిని, ఈ దీవికి గవర్నరుగానే వేశాడు! 1685 ఒప్పందంలో తగరం కొనే గుత్త ఫ్రెంచివాళ్ళకు దక్కింది. 1688లో రాజు పోయాడు, అధికారం చేతులు మారింది, ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టారు. మరుసటేడు దెఫార్జ్ అనే సేనాని పుదుచ్చేరి నుంచి వచ్చి దీవిని పట్టుకుని కూర్చున్నాడుగాని, లాభం లేక 1690లో తిరుగుముఖం పట్టాడు. గుత్త అంటే ఏమిటి? కొనేవాడు ఒక్కడే, ధర చెప్పేవాడూ వాడే. తవ్వేవాడు నోరు మూసుకుని తూకం వేయాలి.

ఇక బియ్యం సంగతి. కొండలూ గనులూ నిండిన దీవిలో పండే వరి అక్కడి జనానికి చాలేది కాదు. బియ్యం ఓడమీద రావాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మన సామెత ఆ దీవి కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

1785లో బర్మా సేనలు తలాంగ్ మీదికి వచ్చాయి. అప్పటికి గవర్నరు చనిపోయి ఎన్నో రోజులు కాలేదు. ఆయన భార్య చాన్, ఆమె చెల్లెలు ముక్ జనాన్ని కూడగట్టి సుమారు నెలరోజులు ఊరు నిలబెట్టారు. ఆడవాళ్ళకు మగవేషాలు వేయించి గోడమీద సైన్యం ఎక్కువగా ఉన్నట్టు కనిపించేలా చేశారని అక్కడ కథగా చెప్పుకుంటారు. తిండి అయిపోయి బర్మావాళ్ళే వెనుదిరిగారు. రాజు మొదటి రాముడు ఆ అక్కచెల్లెళ్ళకు బిరుదులిచ్చాడు. బడిపిల్లల పుస్తకాలలో కథ ఇక్కడితో అయిపోతుంది.

అసలు కథ ఆ తరువాతిది. శత్రువు పోయాడు సరే, ఊళ్ళో తినడానికేముంది? పొలాలు పాడయ్యాయి. అప్పట్లో ఆ తీరాన వ్యాపారం చేసే ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషువాడు, అంటే 1786లో పెనాంగ్‌లో ఇంగ్లీషు జెండా ఎగరేసిన మనిషే, ఈ కుటుంబానికి పాత స్నేహితుడు. చాన్ అతనికి రాసిన ఉత్తరాలు కొన్ని ఇప్పటికీ లండనులో భద్రంగా ఉన్నాయి. వాటిలో వీరగాథలు లేవు. ఊళ్ళో బియ్యానికి కటకట, తను స్వయంగా తగరం తీయిస్తున్నాను, వచ్చిన కాస్తా ప్రియమైన బియ్యానికే సరిపోతోంది, బియ్యం పంపితే తగరం ఇస్తాను – ఇదీ వాటి సారాంశం. ఓ గృహిణి షావుకారుకి రాసే చీటీలా ఉంటుంది. ఆ షావుకారు స్నేహితుడే కావచ్చు. అయినా ఎంత తగరానికి ఎంత బియ్యం అన్న లెక్క తేలేది మాత్రం సముద్రం అవతలే.

పంతొమ్మిదో శతాబ్దంలో చీనా కూలీలు వేలమంది వచ్చారు. వాళ్ళూ మరి పరదేశులే, వాళ్ళూ బాగా బతకవచ్చని విని వచ్చినవాళ్ళే. గనిలో కూలి, గని యజమాని కొట్టులోనే బియ్యం, అక్కడే నల్లమందు. ధర అతనిష్టం. ఏడాది చివర లెక్క చూస్తే కూలివాడే తిరిగి బాకీ! 1870లలో తగరం ధర పడిపోయింది. పన్నులు మాత్రం తగ్గలేదు. 1876లో కడుపు మండి కూలీలు తిరగబడ్డారు. ఊళ్ళు తగలబడ్డాయి. చలోంగ్ గుడిలోని చెమ్ అనే భిక్షువు ఆశ్రయమిచ్చి గ్రామస్థులకు ధైర్యం చెప్పాడు. ఇప్పటికీ ఆ గుడిలో ఆయన ప్రతిమకు జనం బంగారు రేకులు అతికిస్తారు. ఆ గొడవలన్నింటికీ మూలం ఒక ధర. అది పడింది దీవిలో కాదు, ఎక్కడో దూరపు బజారులో.

1907లో మైల్స్ అనే ఆస్ట్రేలియా కెప్టెను సముద్రం అడుగునుంచి తగరాన్ని తోడే యంత్రం తెచ్చిపెట్టాడు. గనులు ఇంకో డెబ్భై, ఎనభై ఏళ్ళు నడిచాయి. 1985 అక్టోబరులో లండను లోహాల బజారులో తగరం బేరాలు ఉన్నపళాన ఆగిపోయాయి. ఆ తరువాత ధర సగానికి దిగింది. లండనులో తుమ్మితే ఫుకెట్‌లో గని మూతపడింది. అప్పటికే, 1967లో, దీవికీ ఒడ్డుకీ వంతెన పడి ఉంది. యాత్రికులు రావడం మొదలైంది. బాంగ్ తావ్ అనే చోట తవ్వి పారేసిన గనిగోతులను 1984లో కొని, బాగుచేసి, చెరువులుగా మార్చి చుట్టూ పెద్ద హోటళ్ళు కట్టారు. ఇవాళ ఆ నీళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న దొరలలో ఎంతమందికి తాము గనిగట్టు మీద కూర్చున్నామని తెలుసో!

తగరం పోయి ఎండ మిగిలింది. కానీ ధర ఎక్కడ నిర్ణయమవుతుందన్న సంగతిలో మార్పు లేదు.

1997 జూలై 2న థాయి ప్రభుత్వం బాత్‌ను దాని మానాన వదిలేసింది. అంతకుముందు డాలరుకు పాతిక. 1998 జనవరికల్లా యాభై దాటింది. దేశమంతా ఉద్యోగాలు పోయి గగ్గోలు పెడుతుంటే, డాలరు పింఛనువాడికి రాత్రికి రాత్రి జేబు రెట్టింపయింది. 'కారుచౌక' అన్న కీర్తి ఆ రోజుల్లో బాగా పాకింది. ఒకడి ఇల్లు కాలితే ఇంకొకడు చుట్ట ముట్టించుకున్నట్టు!

చక్రం తిరగకుండా ఉంటుందా? 2007లో పౌనుకు అరవై అయిదు బాత్‌లకు పైగా వచ్చేవి. 2019 వచ్చేసరికి నలభై కూడా రాని నెలలున్నాయి. పైగా ఇంగ్లండు ప్రభుత్వం ఏటా పెంచే వృద్ధాప్య పింఛను థాయిలాండులో ఉండేవాళ్ళకు పెరగదు. అక్కడ తీసుకోవడం మొదలుపెట్టిన నాటి అంకె దగ్గరే గడ్డకట్టి ఉంటుంది. అంటే వంద పౌన్ల మనిషి వంద పౌన్ల మనిషిగానే ఉండి, ఆరువేల అయిదువందల బాత్‌ల నుంచి నాలుగువేల లోపుకి దిగజారాడు. సేమ్యాల పులుసు బండివాడు మాత్రం ధర పెంచుతూనే పోయాడు. తప్పు అతనిదీ కాదు.

ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ఇక్కడ నేను ఇల్లు కట్టుకున్నాను, నేల నాది కాదు." నిజమే. ఆ దేశంలో విదేశీయుడికి మామూలుగా భూమి కొనే హక్కు లేదు. ముప్ఫై ఏళ్ళ కౌలుకి తీసుకోవచ్చు. లేదా కొండొమినియం అనే మేడలో వాటా కొనుక్కోవచ్చు. అదీ మొత్తం వైశాల్యంలో నూటికి నలభై తొమ్మిది వంతులు మించకుండా. యాభై ఏళ్ళు నిండిన రిటైరైన మనిషి ఏడాదిపాటు ఉండాలంటే బ్యాంకులో ఎనిమిది లక్షల బాత్‌లయినా చూపాలి, నెలకు అరవై అయిదువేల రాబడి అయినా చూపాలి. తొంభై రోజులకోసారి ఫలానా చోట ఉన్నానని చెప్పుకోవాలి. "డెబ్భై ఏళ్ళు వచ్చాక బడిపిల్లాడిలా హాజరు వేయించుకుంటున్నాను" అని నవ్వాడాయన. నవ్వులో కాస్త దిగులుంది. తిరిగి వెళ్దామంటే స్వదేశంలో ఇంటి అద్దెకు ఆ పింఛను చాలదట.

ఆ కాఫీ తెచ్చి పెట్టిన అమ్మాయి లెక్క కూడా చూడాలిగదా. 2025 జనవరి 1న ఫుకెట్‌లో కనీస కూలి రోజుకు 400 బాత్‌లు చేశారు. ఆ దేశంలో అదే అందరికంటే పై రేటు. నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేస్తే 10,400. విదేశీయుడు హాయిగా బతకడానికి కావాలని ప్రభుత్వం పెట్టిన అంకె దానికి ఆరు రెట్లకు పైమాట. విదేశీయులు వచ్చిన కొద్దీ ఇళ్ళ అద్దెలు పెరుగుతాయి. ఆ అద్దె ఆ అమ్మాయి కూడా కట్టాలి. ఈసాన్ పల్లెల నుంచి, బర్మా నుంచి వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకునే పనివాళ్ళంతా కట్టాలి. పెద్దాయనకు ప్రియమైంది జున్నే. ఆ అమ్మాయికి ప్రియమైంది తల దాచుకునే చోటు.

వీళ్ళలో ఎవరు ఎవరిని దోచుకుంటున్నారని తీర్పు చెప్పడానికి నేను కూర్చోలేదు. పెద్దాయన పింఛను విలువ లండనులో తేలుతుంది, ఆ అమ్మాయి అద్దె ఎక్కడెక్కడి దొరల జేబులనుబట్టో తేలుతుంది. ఇద్దరూ ఒకే కాఫీకి చెరో పక్కనా నిలబడి తమ చేతిలో లేని ధర కోసం ఎదురుచూస్తున్నారు. చౌక అన్నది దీవి గుణం కాదు. వచ్చినవాడి డబ్బుకీ, ఉన్నవాడి కష్టానికీ మధ్య ఉన్న తేడాకు పెట్టిన ముద్దుపేరు.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పోయే దారిలో నాలుగువీధుల కూడలిలో చాన్, ముక్ అక్కచెల్లెళ్ళ విగ్రహాలున్నాయి. 1966లో పెట్టారు. కార్లలో పోయే స్థానికులు అక్కడికి రాగానే చేతులు జోడిస్తారు. దీవికి కాపురం వచ్చే విదేశీయులు చాలామంది ఆ కూడలి మీదుగానే పోతారు. శిల్పి వాళ్ళ చేతుల్లో కత్తులు పెట్టాడు. అది న్యాయమే. కాని చాన్ ఉత్తరాలు సంగతి తెలిసినవాళ్ళకు ఆ చేతిలో ఓ గుప్పెడు బియ్యం కూడా కనిపిస్తుంది. బర్మా సేనను ఆవిడ వెళ్ళగొట్టింది, బియ్యం ధరను మాత్రం ఊరి పొలిమేర దాటించలేకపోయింది.