శరణాగత రక్షణం: గుంతకల్లు హంపన్న

రావణుడు సీతమ్మను అపహరించి ఆకాశమార్గాన పోతుండగా అడ్డగించినవాడు వయోవృద్ధుడైన జటాయువు. తాను ముదుసలిననీ, రావణుడు యువకుడు, ధనుస్సు, కవచం, రథం కలవాడనీ జటాయువే పలికినట్లు వాల్మీకి మహర్షి వర్ణించారు. బలాబలాలు తెలిసీ ఆ పక్షిరాజు రెక్కలు తెగేవరకు పోరాడాడు. ఆయన నేలకొరిగిన చోటు లేపాక్షియేనని అనంతపురం సీమ ప్రజల విశ్వాసం.

లేపాక్షి పూర్వపు అనంతపురం జిల్లాకు దక్షిణపు కొసన ఉన్నది. అదే జిల్లాకు ఉత్తరాన, గుంతకల్లులో, 1893లో జటాయుధర్మాన్ని ఆచరించినవాడు హంపన్న. హంపీ క్షేత్రాన్ని స్మరింపజేసే ఆ పేరు గలవాడు రాజు కాడు, పండితుడు కాడు. రైల్వే గేటు కాపలాదారు. అప్పటికి పదిహేనేండ్ల క్రితమే 1876-78 నాటి మహాక్షామం ఆ పీఠభూమిని పీడించి వెళ్లింది. అటువంటి కరవు నేలలో పేదవానికి నెలజీతపు కొలువు కుటుంబానికి ప్రాణాధారం. తెల్లదొరలకు ఎదురుపడితే కొలువు నిలవదన్న భయం ఆనాడు సర్వత్రా ఉండేది.

1893 అక్టోబరు 4న గుంతకల్లు సమీపంలో విడిదిచేసిన ఆంగ్ల సైనికులలో కొందరు ఇద్దరు స్త్రీలను వెంబడించారు. ఆ స్త్రీలు పరుగున వచ్చి గేటు కాపలాదారుని శరణుజొచ్చారు. హంపన్న వారికి ఆశ్రయమిచ్చి సైనికులకు అడ్డుగా నిలిచాడు. ఒక సైనికుడు తుపాకి పేల్చాడు. ఆ గాయంతో హంపన్న ప్రాణాలు విడిచాడు.

గుత్తి న్యాయవాది కేశవపిళ్లై ఈ ఘోరాన్ని ‘ది హిందూ’ పత్రిక ద్వారా లోకానికి తెలిపాడు. పాలకజాతి సైనికునిపై ఆరోపణ వ్రాయడం కూడా ఆనాడు సాహసమే. వ్యవహారం మద్రాసు హైకోర్టుకు చేరింది. నిందితుడు నిర్దోషిగా విడుదలయ్యాడు.

ఇక్కడ సాధకునికి సందేహం కలుగుతుంది. శిబి చక్రవర్తి పావురానికై దేహాన్ని అర్పించగా ఇంద్రాగ్నులు ప్రత్యక్షమై అనుగ్రహించారు. హంపన్న కోసం ఏ దేవత ప్రత్యక్షమైంది? చంపినవానికి శిక్షయైనా పడలేదే, ఇక ధర్మానికి ఫలమేమిటి?

కర్మయందే మనకు అధికారమనీ, ఫలమునందు లేదనీ గీతాచార్యుడు బోధించాడు. ఆ ఉపదేశానికి అసలు పరీక్ష ఇటువంటి ఘట్టంలోనే. ఫలం కంటికి కనబడేచోట నిష్కామత్వాన్ని కీర్తించడం సులభం. తీర్పు అన్యాయమైనంత మాత్రాన హంపన్న చేసిన రక్షణ వ్యర్థం కాదు. శరణన్నవారిని కాచిన క్షణంలోనే ఆ ధర్మం పూర్ణమైనది. న్యాయస్థానం దానికి చేర్చగలిగినది గాని, తీసివేయగలిగినది గాని లేదు.

మరొక సూక్ష్మం కలదు. "దైవమే కాపాడుతుంది" అని తలుపు మూసుకొని కూర్చుంటే అది శరణాగతి అనిపించుకోదు, భీరుత్వం అవుతుంది. తన చేతిలో ఉన్నంతవరకు చేసి, తన చేయి దాటినదానిని ఈశ్వరునికి విడవడమే శరణాగతి. కేశవపిళ్లై కలం పట్టడం, వ్యాజ్యం నడవడం కూడా మానవప్రయత్నంలోని భాగాలే. ఫలాన్ని ఈశ్వరార్పణం చేయడమంటే న్యాయం కోసం యత్నించకపోవడం కాదు. దైవీసంపదను వివరిస్తూ భగవానుడు మొట్టమొదట పేర్కొన్న గుణం అభయం. భయం కలగకపోవడం మనవంటివారికి దుర్లభం. కలిగిన భయానికి కర్తవ్యాన్ని అప్పగించకుండటం సాధనవల్ల సాధ్యం.

జటాయువు సీతమ్మను విడిపించలేకపోయాడు. అయినా శ్రీరాముడు ఆయనకు తండ్రికి చేసినట్లు ఉత్తరక్రియలు జరిపాడు. హంపన్నకు ప్రజలు గుత్తిలో స్మారకశిల నిలిపారు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో కన్నుమూసినప్పుడు మొదట ఖననం చేసినదీ ఆ గుత్తిలోనే. గవర్నరు పేరు నిలిచిన ఊరిలోనే గేటు కాపలాదారు పేరూ నిలిచింది. లేపాక్షిలో వీరభద్రుని సేవించుకొనే భక్తులు గుత్తికి వెళ్లినపుడు ఆ శిలముందు కూడా ఒక్క నిమిషం చేతులు జోడించుదురు గాక.

స్వస్తి.