మహదేవపురలో ఆరోగ్య బీమా: పాలసీదారు హక్కుల చరిత్ర

బెంగళూరు తూర్పున, వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కులున్న మహదేవపురలో ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతోనే వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. టెక్ పార్కులో పనిచేసే ఇంజనీరుకు కంపెనీ తీసుకున్న గ్రూప్ పాలసీ ఉంటే, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకు ఇఎస్ఐ కార్డు ఉంటుంది. బీమా కోరేవారికీ, ఉన్న బీమాను నిలబెట్టుకోవాలనుకునేవారికీ ఉన్న రక్షణలు ఒక్క చట్టంతో వచ్చినవి కావు. పార్లమెంటు, కోర్టులు, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక్కొక్కటిగా చేర్చినవి.

ఇఎస్ఐ

ఉద్యోగుల రాజ్య బీమా (ఇఎస్ఐ) చట్టం 1948లో వచ్చింది. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో మొదలైంది. తొలినాళ్లలో నెలకు 400 రూపాయల లోపు జీతగాళ్లకే వర్తించేది. 2017 జనవరి నుంచి ఆ పరిమితి 21,000. జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

ఈ చట్టంలోని 73వ సెక్షన్ ప్రకారం, అనారోగ్య భృతిగానీ ప్రసూతి భృతిగానీ పొందుతున్న కాలంలో కార్మికులను యజమాని పనిలోంచి తీసేయకూడదు, శిక్షించకూడదన్న నియమం ఉండేది. ఆరు నెలల చందా కాలం మధ్యలో జీతం పెరిగి పరిమితి దాటినా, ఆ కాలం ముగిసేదాకా సభ్యత్వం పోదు. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో ఇఎస్ఐ ఆ కోడ్ కిందికి వెళ్లింది.

రెన్యువల్ హక్కు

ప్రభుత్వ రంగంలోని నాలుగు సాధారణ బీమా కంపెనీలు 1986లో మెడిక్లెయిమ్ తెచ్చాయి. అది ఏడాది పాలసీ. గడువు తీరాక మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమే అన్నట్టు నడిచేది. క్లెయిమ్ కోసం కోర్టుకెక్కిన ఒక పాలసీదారుకు, ఆ కారణంతోనే రెన్యువల్ నిరాకరించారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. బిమన్ కృష్ణ బోస్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 2001లో కోర్టు ఆ నిరాకరణను ఏకపక్ష చర్యగా తేల్చింది. 2013 ఆరోగ్య బీమా నిబంధనలు జీవితకాల రెన్యువల్‌ను నియమంగా చేశాయి. మోసం వంటి కారణాలు లేకుండా, క్లెయిమ్ చేసుకున్నారన్న సాకుతో రెన్యువల్ ఆపడానికి ఇప్పుడు వీల్లేదు.

ఉద్యోగం పోతే

మహదేవపురలో ఎక్కువమందిని వేధించే ప్రశ్న ఇదే. ఆఫీసులో చివరి రోజుతో గ్రూప్ పాలసీ సాధారణంగా ముగుస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల పేర్లు అందులో ఉంటే వాళ్ల కవరేజీ కూడా పోతుంది. అమెరికాలో 1986లో ఆమోదం పొందిన కోబ్రా చట్టం వల్ల, ఉద్యోగం పోయినవారు పూర్తి ప్రీమియం తామే కట్టుకుని సాధారణంగా 18 నెలల దాకా పాత గ్రూప్ బీమాలో కొనసాగవచ్చు. భారత్ వేరే దారి పట్టింది. ఇక్కడ గ్రూప్ సభ్యుడు అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీలోకి మారవచ్చు. బీమా కంపెనీనే మార్చుకునే పోర్టబిలిటీ 2011 అక్టోబర్ 1న మొదలైంది.

మారేటప్పుడు పాత పాలసీలో గడిపిన కాలం వృథా కాదు. ముందునుంచీ షుగరు ఉన్న వ్యక్తికి కొత్త పాలసీలో 36 నెలల వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ రాని కాలం, ఉందనుకుందాం. గ్రూప్ పాలసీలో రెండేళ్లు గడిచి ఉంటే, పాత బీమా మొత్తం మేరకు మిగిలేది 12 నెలలే. అయితే పాత కవరేజీ ముగియకముందే దరఖాస్తు పెట్టుకోవాలి. నోటీస్ పీరియడ్‌లో ఈ పని మరిచిపోయినవారికి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడికి వలస వచ్చినవారిలో, సొంత రాష్ట్రం నుంచి వెంట వచ్చే రక్షణ కొంతమందికే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీని ఆంధ్రప్రదేశ్ 2019 నవంబర్‌లో బెంగళూరులోని కొన్ని ఆసుపత్రులకూ విస్తరించింది.

జబ్బు ఉన్నవారు

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతలకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలంది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం, గణాంకాల ఆధారం లేకుండా బీమాలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. జన్యుపరమైన వ్యాధులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. వెల్లడించిన జబ్బును పరిశీలించి పాలసీ ఇచ్చాక, దాన్నే సాకుగా చూపి క్లెయిమ్ తిరస్కరించరాదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనలు ఈ రక్షణలను మరింత పెంచాయి. ముందునుంచీ ఉన్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌ గరిష్ఠ పరిమితి 48 నెలల నుంచి 36కు తగ్గింది. పాలసీ వరుసగా 60 నెలలు సాగితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న ఆరోపణతో క్లెయిమ్ కాదనకూడదు. 65 ఏళ్లు దాటినవారూ కొత్త పాలసీ తీసుకోవచ్చు. అయినా ఫలానా వ్యక్తికి తప్పక పాలసీ అమ్మాలని ప్రైవేటు కంపెనీని శాసించే నియమం లేదు.

క్యాష్‌లెస్, ఫిర్యాదు

ముందుగా డబ్బు కట్టకుండా చికిత్స పొందేందుకు పెట్టే క్యాష్‌లెస్ అభ్యర్థనపై కంపెనీ గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా బిల్లు వేస్తే ఆ భారం కంపెనీదే.

కంపెనీ ఫిర్యాదును తోసిపుచ్చినా, నెలలోపు బదులివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కర్ణాటక అంబుడ్స్‌మన్ కార్యాలయం బెంగళూరు జేపీ నగర్‌లో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. వినియోగదారుల కమిషన్ మరో మార్గం.

ఇటీవలి మార్పులు

వృద్ధుల ప్రీమియంను ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ రద్దయింది. ఉద్యోగి హోదా లేని డెలివరీ కుర్రాళ్లు, క్యాబ్ డ్రైవర్ల కోసం కర్ణాటక 2025లోనే గిగ్ కార్మికుల చట్టం చేసింది. దీని ప్రకారం ప్లాట్‌ఫామ్ కంపెనీలు కార్మికుడికి చెల్లించే మొత్తంపై 1 నుంచి 5 శాతం వరకు సంక్షేమ రుసుము కట్టాలి.