విదేశీ విపణిలో ప్రవేశ మార్గాలు: డాక్టర్ రెడ్డీస్ అనుభవం

కల్హేర్ మండలం గల సంగారెడ్డి జిల్లాకే తూర్పు అంచున, బొల్లారం పారిశ్రామికవాడలో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ముడి ఔషధాల కర్మాగారాలు ఉన్నాయి. 2016 వరకు ఈ ప్రాంతాలు మెదక్ జిల్లాలో ఉండేవి. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన ఈ సంస్థ అన్ని దేశాలకూ ఒకే మార్గాన వెళ్లలేదు.

రష్యాలో అప్పట్లో వైద్యులు బ్రాండు పేరు చూసి మందు రాసేవారు. అందువల్ల అక్కడ 1990ల ఆరంభం నుంచే సొంత బ్రాండ్లతో ఎగుమతులు సాగాయి. చైనాలో కెనడాకు చెందిన రోటామ్‌తో ఉమ్మడి సంస్థ ఏర్పడింది. అమెరికాలో తొలుత అమ్మకాల యంత్రాంగం లేదు. 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్‌కు 180 రోజుల ప్రత్యేక విక్రయ హక్కు లభించగా, పార్ ఫార్మాస్యూటికల్ ద్వారా విక్రయించింది. లాభం పంచుకోవలసి వచ్చినా గడువు వృథా కాలేదు. 2003 నుంచి సొంత పేరుతో విక్రయాలు మొదలయ్యాయి. మార్గం ఏదైనా, కర్మాగారానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం తప్పనిసరి.

జర్మనీలో మాత్రం నేరుగా కొనుగోలుకే మొగ్గు చూపింది. 2006లో బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు తీసుకున్నది. స్థిరపడిన విక్రయ బలగం చేతికి వస్తుందని, తయారీని క్రమంగా భారతదేశానికి మార్చవచ్చునని భావించింది. అయితే అక్కడి ఆరోగ్య బీమా నిధులు టెండర్లు పిలిచి చౌకగా ఇచ్చినవారి మందులనే ఎంచుకోసాగాయి. ధరలు పడిపోయాయి, విక్రయ బలగానికి ప్రాధాన్యం తగ్గింది. చివరకు 2008-09 లెక్కలలో బీటాఫార్మ్ విలువను భారీగా తగ్గించి చూపవలసి వచ్చింది. ఎగుమతి ఒప్పందమైతే అంత పెట్టుబడి చిక్కుకునేది కాదు.