కథలతో కొలిచిన ప్రేరణ: కార్యనిర్వాహక శిక్షణ చరిత్రలో ఎమ్మిగనూరు, ఆదోని, కాకినాడ

తెలుగు పట్టణాల్లో ‘కోచింగ్’ అనగానే పోటీపరీక్షల కేంద్రాలే స్ఫురిస్తాయి. ఈ వ్యాసంలో ఆ మాటను మరొక అర్థంలో వాడుతున్నాను. సంస్థను నడిపే వ్యక్తికి, అంటే నిర్ణయాధికారం చేతిలో ఉన్నవారికి, ఒక నిపుణుడు అందించే మార్గదర్శనమే ఎగ్జిక్యూటివ్ కోచింగ్. 1995లో ఏర్పడిన అంతర్జాతీయ కోచ్ సమాఖ్య ఈ వృత్తికి నీతినియమావళిని, శిక్షణ గంటల లెక్కను, గోప్యతా నిబంధనలను సమకూర్చింది. అయితే మార్గదర్శనం ఫలించిందని దేనిని బట్టి నిర్ధారించాలన్న ప్రశ్న అంతకన్నా పాతది. దానికి తెలుగునేలపైనే ఒక గట్టి సమాధానం దొరికింది. పశ్చిమ కర్నూలు చరిత్రను చదవడానికి ఆ సమాధానం ఎంతవరకు పనికివస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

పాలకునికి హితవు చెప్పే సంప్రదాయం మన సాహిత్యంలో బలమైనది. ‘ఆముక్తమాల్యద’లో యామునాచార్యుడు రాజ్యాన్ని కుమారునికి అప్పగిస్తూ చేసిన రాజనీతి బోధ అందుకు ప్రసిద్ధమైన తార్కాణం. మడికి సింగన ‘సకలనీతిసమ్మతము’ అటువంటి బోధల సంకలనమే. ఆదోని ప్రాంతానికి ఇంకా దగ్గరి కథ దివాన్ వెంకన్నది. చదువురాని ఆ పసులకాపరి, రాఘవేంద్రస్వామి అనుగ్రహంతో నవాబు ఇచ్చిన లేఖను చదివి, ఆదోని కొలువులో దివాన్ అయ్యాడని మఠసాహిత్యం చెబుతుంది. ఈ కథల్లో గురువు మాట ఫలించి తీరుతుంది. ఫలించకపోయే అవకాశాన్ని ఆ కథనరూపమే ఒప్పుకోదు. ఈ లక్షణం ఆధునిక కాలపు జీవితచరిత్రల్లోకి కూడా చడీచప్పుడు లేకుండా ప్రవేశించింది.

ఎమ్మిగనూరు ఉదాహరణ చూద్దాం. 1938లో మాచాని సోమప్ప చొరవతో అక్కడ చేనేతకారుల సహకార సంఘం ఏర్పడింది. ఆనాడు ఎమ్మిగనూరు మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953లో ఆంధ్రరాష్ట్రం అవతరించినపుడు ఆ తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది. మరుసటి ఏడాది, 1954లో, సోమప్పకు పద్మశ్రీ లభించింది. నేతగాడికి నూలు ఇవ్వడం, నేసిన బట్ట తీసుకొని కూలి చెల్లించడం, సరుకును దూరపు అంగళ్ళకు చేర్చడం, ఇంటి వసతి కల్పించడం, ఇవన్నీ సంఘం భుజాన పడ్డాయి. షావుకారు వద్ద అప్పునూలు తెచ్చుకొనే మనిషి, తాను సభ్యుడైన సంఘంలో లెక్క అడగగలిగే మనిషిగా మారడం చిన్న విషయం కాదు. అయితే ఈ మార్పు సోమప్ప వ్యక్తిత్వప్రభావమా, సహకార చట్టం ఇచ్చిన బలమా, ఆనాటి చేనేత గిరాకీయా? ప్రశంసా వ్యాసాలు మొదటిదాన్నే ఎంచుకుంటాయి. ఆయన కృషిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఒక్క మనిషిని మాత్రమే చూపే కథనం, వందలాది నేతగాళ్ళ నిర్ణయాలను కనబడకుండా చేస్తుందన్నదే నా అభ్యంతరం.

ఈ చిక్కుముడిని విప్పే పద్ధతి కాకినాడలో ప్రయోగానికి వచ్చింది. హార్వర్డ్ మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో కలిసి 1964లో కాకినాడ వ్యాపారులకు సుమారు పదిరోజుల ఆవాస శిక్షణ ఏర్పాటు చేశాడు. చిత్రాలను చూపి కథలు రాయించడం అందులో ప్రధానాంశం. కథలోని పాత్ర లక్ష్యం పెట్టుకుంటుందా, అడ్డంకిని ముందే ఊహిస్తుందా, ఓడితే ఏమనుకుంటుందో చూసి సాధనాప్రేరణకు మార్కులు వేసేవారు. ఒక తెలుగు పరిశోధకుడిగా నాకు ఇది ఆసక్తికరం. కథావిశ్లేషణ ఇక్కడ కొలబద్ద అయింది.

కాని శిక్షణలో నేర్పినదే అటువంటి కథ రాయడం! శిక్షణానంతరం మార్కులు పెరిగితే అది నేర్పిన పాఠం ఒప్పజెప్పడమే కావచ్చు. పరిశోధకులు ఈ లోపాన్ని గుర్తించి, అసలు ప్రమాణాన్ని అంగడిలో వెతికారు. కొత్త పెట్టుబడి పెట్టారా, పని గంటలు పెంచారా, కొత్తవారికి ఉపాధి ఇచ్చారా అని చూశారు. శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చారు, రాజమండ్రిని పోలిక పట్టణంగా తీసుకున్నారు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ఫలితాలను గ్రంథంగా ప్రకటించారు. తరువాతి రెండేళ్ళలో శిక్షితుల్లో సుమారు సగం మంది చురుకైన వ్యాపారచర్యలు చేపట్టగా, ఇతరుల్లో అది పావువంతు దగ్గరే ఉంది. సొంత సంస్థపై అధికారం ఉన్నవారిలోనే మార్పు ప్రధానంగా కనిపించింది. ఇతరుల కింద పనిచేసేవారికి ప్రేరణ ఉన్నా దాన్ని అమలులో పెట్టే చోటు లేదు.

ఇది బృందశిక్షణ, నేటి కోచింగ్ ప్రధానంగా ఇద్దరి మధ్య సంభాషణ. ఆ తేడా ఉన్నా, పద్ధతి విషయంలో కాకినాడ ముందంజలోనే ఉంది. కోచింగ్ పరిశోధనల్లో తరచుగా ఉదహరించే 1997 నాటి ఒలివెరో బృంద అధ్యయనం, శిక్షణ వల్ల ఉత్పాదకత 22.4 శాతం, కోచింగ్ తోడైతే 88 శాతం పెరిగిందని ప్రకటించింది. అధ్యయనంలో ఉన్నది 31 మంది మేనేజర్లు. శిక్షణ పొందని పోలిక బృందం లేదు. మూడు దశాబ్దాల ముందు గోదావరి జిల్లాల్లో పాటించిన జాగ్రత్త ఇక్కడ లోపించింది.

ఆదోని పత్తి మార్కెట్లో కొనుగోలుదారు పింజను వేళ్ళతో లాగి పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు, ఆపైనే ధర పలుకుతాడు. పత్తికి ఉన్నపాటి పరీక్ష, వ్యాపారికి సలహా అమ్మేవాడికీ ఉండాలని అడగడం అత్యాశ కాదు.

అలాగని కాకినాడకు రాజమండ్రి ఎలాగో ఎమ్మిగనూరుకు ఆదోని అలాగే అనుకొని పోల్చడం కుదరదు. రెండూ పొరుగు ఊళ్ళే అయినా ఆదోనిది పత్తి బేళ్ళ లావాదేవీ, ఎమ్మిగనూరుది మగ్గం. సరైన పోలిక ఎమ్మిగనూరు లోపలే ఉంది: ఒకే వీధిలో సంఘంలో చేరిన నేత కుటుంబం, షావుకారునే నమ్ముకొన్న నేత కుటుంబం. 1938కి ముందు, తరువాత ఈ రెండు ఇళ్ళలోని మగ్గాల సంఖ్య, అప్పు, పిల్లల చదువు పక్కపక్కన పెట్టి చూస్తే, సోమప్ప మార్గదర్శనం ఎంత, సంఘం నిర్మాణం ఎంత అన్నది విడదీసి చెప్పే వీలు కలుగుతుంది.