కొల్లేటి వల, అంతర్జాలపు వల

అంతర్జాల మను మాటలోని జాలమునకు వల యని యర్థము; జాలరి పదమునకును అదియే మూలము గనుక, పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోటలో తరతరములుగా వలలల్లిన వారికి ఈ మాట పరాయిది కాదని నా నమ్మకము.

1989లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించి, 1991లో లోకమున కొసంగిన తొలితరము వెబ్ ప్రధానముగా చదువుకొనుటకే యుద్దేశింపబడినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అంతర్జాలము మనదేశ ప్రజలకు లభించినను, టెలిఫోను తీగయే దుర్లభమైన కొల్లేటి లంకగ్రామములకు అది చాలకాలము వినికిడి మాత్రమే.

అంతకన్న పెద్ద యడ్డంకి లిపి. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణమున తెలుగునకు స్థానము దొరకినను, పత్రికలు తమ తమ సొంత ఫాంటులతో వెలువడిన యా దినములలో, ఆ ఫాంటును దింపుకొననిదే అక్షరములు కనబడెడివి కావు. పాఠకుడే రచయిత కాగల రెండవతరము వచ్చి, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైన పిదప, ఊరి చరిత్రను ఆ యూరివాడే వ్రాయగా పొరుగూరివాడు దిద్దు సౌలభ్యము మనకు గలిగినది. తెలుగు వెబ్ చరిత్రలో దీనిని మించిన ఘట్టము లేదని నేను తలంతును.

మూడవతరమున యంత్రములే గ్రహింపగల దత్తాంశము ప్రధానము. 2012లో ఆరంభమైన వికీడేటా అట్టిది. అట్లే కొల్లేటి సరస్సున పూర్వము పడవవాడు చెప్పగా తెలిసికొన్న నీటి హద్దులను నేడు ఉపగ్రహ చిత్రములు చూపుచున్నవి: 2006లో ఐదవ కాంటూరు (ఎత్తు రేఖ) లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిన పిమ్మట సరస్సు రూపమెట్లు మారెనో, ఏటేటి చిత్రములను ప్రక్కప్రక్కన పేర్చి, ఏలూరులో కూర్చున్న విద్యార్థియు పరిశీలింపవచ్చును.