అంగారం: నిప్పా? బొగ్గా?

కాశీబుగ్గ: తెలుగులో నిప్పు వేరు, బొగ్గు వేరు. సంస్కృతం నుంచి వచ్చిన ‘అంగారం’ మాత్రం రెండింటికీ చెల్లుతుంది. కమ్మరి కొలిమిలో రగిలే కణిక అంగారమే, చల్లారి నల్లబడిన బొగ్గూ అంగారమే. ఏ అర్థమో సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

అమరకోశం ఈ పదాన్ని కొరివికి పేర్లయిన అలాతం, ఉల్ముకాల సరసన చేర్చింది. కుంపటికి అంగారధానిక, అంగారశకటి అనే పేర్లతో పాటు ‘హసంతి’ అనే పేరునూ చెప్పింది. హసంతి అంటే నవ్వుతున్నది. ఎర్రని నిప్పులతో వెలిగే కుంపటికి తగిన పేరిది. కుజుడికి గల అంగారకుడనే పేరూ ఆ ఎరుపునే గుర్తుచేస్తుంది.

హితోపదేశంలోని మిత్రలాభం రెండు అర్థాలనూ ఒకేచోట వాడుకుంది. దుర్జనుడితో స్నేహం తగదని చెబుతూ అతణ్ని అంగారంతో పోల్చింది. వేడిగా ఉంటే కాలుస్తుంది, చల్లారితే చేతికి మసి పూస్తుంది. ఇక్కడ అంగారాన్ని నిప్పు అని మాత్రమే అనువదిస్తే నీతిలో సగం జారిపోతుంది.

ఇరుగుపొరుగు భాషలు ఈ అర్థాలను పంచుకున్నాయి. హిందీలో ‘అంగార్’ అంటే నిప్పుకణిక. ఉద్దానానికి పొరుగున ఉన్న ఒడియాలో ‘అంగార’ అంటే బొగ్గు. మన పాత పాఠ్యపుస్తకాల్లోని ‘బొగ్గుపులుసు వాయువు’ ఒడియాలో ‘అంగారకామ్ల’ అయింది. తెలుగు వాడుకలో బొగ్గు నిలిచింది, అంగారం కావ్యాలకు పరిమితమైంది.