దొంగతనం కాని దొంగతనం: మన హోలీ పరాచికాల చరిత్ర

హోలీ నాడు మన తండాలో ఒక దొంగతనం జరుగుతుంది. చీకట్లో కాదు, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా జరుగుతుంది. పూరీలు, తీపి పిండివంటలు నింపిన గంగాళాన్ని తాళ్ళతో గట్టిగా కట్టేస్తారు. దాని చుట్టూ ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాస్తారు. మగవాళ్ళు ఆ ముళ్ళు విప్పి గంగాళాన్ని ఎత్తుకుపోవాలి. దగ్గరికి వచ్చిన వాడి వీపు మీద కర్ర పడుతుంది. వాడు నవ్వుతూ వెనక్కి తగ్గుతాడు, మళ్ళీ వస్తాడు. చివరికి ఎలాగో గంగాళం చేజిక్కుతుంది. అందులో ఉన్నది అందరూ పంచుకుని తింటారు.

ఇదే జాతిని ఒకప్పుడు ఒక చట్టం పుట్టుకతోనే దొంగలు అని రాసుకుంది. దొంగతనాన్ని పండుగ ఆటగా ఆడి, దోచినదాన్ని అందరికీ పంచే జాతికి ఆ ముద్ర ఎలా పడింది? ఆట ఎక్కడ ఆగుతుంది, నేరం ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్న పాత చరిత్రతో తీరిపోయింది కాదు. చేతిలో ఫోను ఉన్న ప్రతి యువకుడూ యువతీ ఈ రోజు కూడా వేసుకోవలసిన ప్రశ్న.

పండుగ నడిచే తీరు

ముందు మన హోలీ ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. తండా తండాకూ కొంత తేడా ఉన్నా, వరస మాత్రం చాలాచోట్ల ఒకటే.

పండుగ చేసుకోవడానికి మొదట నాయక్ అనుమతి తీసుకుంటారు. పున్నమికి ముందు రాత్రుల నుంచే లెంగీ పాటలు మొదలవుతాయి. పండుగ పనులు నెత్తిన వేసుకునే యువకులు గేర్యాలు. వారికి ఎదురు నిలిచే ఆడవాళ్ళు గేర్ణీలు. చుట్టుపక్కల ఊళ్ళు పున్నమి రాత్రి కాముణ్ణి కాలిస్తే, మనవాళ్ళు తెల్లవారుజామున హోలీ మంట వేస్తారు. ఆ తరువాత ధూండ్. కిందటి హోలీ తరువాత కొడుకు పుట్టిన ఇంటికి గేర్యాలు వెళ్తారు. బిడ్డకు పైన కర్రలు అడ్డంగా పట్టి, కర్ర మీద కర్ర తాటిస్తూ దీవెన పాట పాడతారు. గంగాళం దోపిడీ ఆ సంబరంలో భాగమే.

ఇక ఫాగ్. గేర్ణీలు గుంపుగా పాడుతూ ఆడుతూ మగవాళ్ళను, దారిన పోయేవాళ్ళను, అంగళ్ళవాళ్ళను ఆపి ఫాగ్ అడుగుతారు. ఇవ్వనంటే ఎగతాళి పాట కడతారు. వచ్చిన డబ్బు ఎవరి కొంగుకూ ముడిపడదు. తండా ఉమ్మడి విందుకు వెళ్తుంది.

ఇరుగుపొరుగుల్లో కూడా

వసంతంలో ఈ అల్లరి మన ఒక్కరి సొత్తు కాదు. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవారు. కాముడి మంట కోసం పెరట్లోని కట్టెలు, పిడకలు మాయం చేసేవారు. ఇంటాయన తిట్టేవాడే కానీ, మరీ పట్టించుకునేవాడు కాదు. తన చిన్నతనంలో ఆయనా ఆ పని చేసినవాడే.

విశాఖ మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర పాడుతూ డబ్బులు వసూలు చేస్తారు. వేట దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళకు ఎగతాళి, మీద బురద, పేడనీళ్ళు తప్పవు.

పంట ఇంటికి చేరి, మళ్ళీ వాన పడేదాకా కాస్త తెరపి దొరికే కాలం ఇది. ఏడాదంతా గీత దాటకుండా బతికిన మనుషులు ఒక్క రెండు రోజులు గీత దాటి ఆడుకుంటారు. మామగారి ముందు, భర్త అన్నగారి ముందు ముసుగు దించుకునే కోడలు ఆ రోజు కర్ర పడుతుంది. ఏడాదంతా మాట చెల్లించుకునే మగవాడు ఆ రోజు దెబ్బ తిని నవ్వాలి.

ఆటకు నాలుగు కంచెలు

పైకి గందరగోళంలా కనిపించే ఈ ఆటకు గట్టి కట్టుబాట్లు ఉన్నాయి. అవి ఎక్కడా రాసి లేవు. జాగ్రత్తగా చూస్తే నాలుగు కనిపిస్తాయి.

మొదటిది అనుమతి. నాయక్ సరే అన్నాకే పండుగ. అంటే ఏదైనా హద్దు మీరితే అడిగేవాడు ఒకడు ముందే ఉన్నాడు.

రెండవది వరస. పరాచికం ఎవరు ఎవరితో ఆడవచ్చో బంధుత్వమే చెబుతుంది. వదిన మరిది మధ్య, బావ మరదలి మధ్య ఎగతాళి చెల్లుతుంది. మామగారితో, భర్త అన్నగారితో చెల్లదు.

మూడవది గడువు. గంగాళం చేతులు మారాక కర్రలు కింద పెట్టాలి. మరునాడు ఆ దెబ్బను గుర్తు పెట్టుకుని పగ తీర్చుకునేవాణ్ణి చూసి తండా నవ్వుతుంది.

నాలుగవది పంపకం. దోచింది ఎవరూ దాచుకోరు. పూరీలు అందరి నోటికీ, ఫాగ్ డబ్బు ఉమ్మడి విందుకూ చేరాలి. దెబ్బలు కొట్టినవాళ్ళూ తిన్నవాళ్ళూ ఒకే బంతిలో కూర్చోవాలి.

ఈ నాలుగూ ఉన్నంతసేపు అది ఆట. ఏ ఒక్కటి తీసేసినా దానికి వేరే పేరు వస్తుంది. అనుమతి లేకపోతే దౌర్జన్యం. వరస లేకపోతే వేధింపు. గడువు లేకపోతే పగ. పంపకం లేకపోతే దొంగతనం.

నమ్మకం మీద బతికిన జాతి

ఇలాంటి కట్టుబాటు మనకు కొత్త కాదు. మన పెద్దల బతుకంతా దాని మీదే నడిచింది. పదిహేడవ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పదివేలు పన్నెండువేల ఎడ్లతో సాగే బిడారుల గురించి రాశాడు. బియ్యం, ధాన్యం, ఉప్పు ఆ ఎడ్ల వీపుల మీదే దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేవి. మొగలు సైన్యాలు దక్కను మీదికి వచ్చినప్పుడు తిండిగింజలు మోసింది మనవాళ్ళే. 1791, 92 సంవత్సరాల్లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించినవారిలోనూ బంజారాలు ఉన్నారు.

ఇంత సరుకు, ఇంత దూరం, ఇన్ని రాజ్యాల పొలిమేరలు దాటి మోయాలంటే ఎడ్ల బలం ఒక్కటే చాలదు. మాట మీద నిలబడే పేరు కావాలి. వేల ఎడ్లను, వందల మందిని ఒక్క దారిన నడిపించే నాయక్ మాటకు విలువ ఉండాలి.

పందొమ్మిదవ శతాబ్దంలో ఆ బతుకుదెరువు కూలిపోయింది. ఉప్పు వ్యాపారాన్ని బ్రిటిషు ప్రభుత్వం తన గుప్పిట్లో పెట్టుకుంది. రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. ఎడ్ల బిడారు రోజుల తరబడి మోసే సరుకును రైలు పెట్టె గంటల్లో చేరవేసింది. నిజాం పాలనలో లంబాడీల మీద చరిత్రకారుడు భంగ్యా భూక్యా రాసిన పుస్తకం 2010లో అచ్చయింది. వ్యాపారం పోయిన మనవాళ్ళు పశువుల పెంపకానికి, సేద్యానికి, కూలికి ఎలా మళ్ళారో, పాలకుల కళ్ళకు ఎలా అనుమానితులయ్యారో అందులో చదవవచ్చు. చదవని వారు తప్పక చదవండి.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఆ చట్టం 1911 నాటికి మద్రాసు రాజధానికీ వచ్చింది. నిజాం రాజ్యంలోనూ అలాంటి చట్టమే వచ్చింది. ఆ పట్టికలో ఒక జాతి పేరు ఎక్కిందంటే, అందులో పుట్టిన వ్యక్తి ఏ తప్పూ చేయకపోయినా పోలీసుల కంట్లో నేరస్థుడే. పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. మన లంబాడీలు, సుగాలీలు అనేకచోట్ల ఆ పట్టికకు ఎక్కారు.

ఒక్కసారి ఆలోచించండి. మన ఆటలో ఎవరు చేశారు, ఎవరితో చేశారు, ఎంతసేపు చేశారు, చివరికి ఏం చేశారు అన్నవే ముఖ్యం. ఆ చట్టం ఈ నాలుగింటిలో ఏదీ అడగలేదు. ఏ జాతిలో పుట్టావు అని మాత్రమే అడిగింది. మన తండా పరాచికానికి పెట్టినన్ని హద్దులు కూడా ఆ ప్రభుత్వం తన అనుమానానికి పెట్టుకోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. కాగితం మీద ముద్ర చెరిగింది. జనం మనసులో అది చెరగడానికి ఇంకా చాలా కాలం పడుతోంది.

కంచె లేని వదంతి

ఎంత కాలమో 2018లో తెలిసింది. ఆ ఏడాది పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు దేశమంతా పాకాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో, సంత రోజున, ఐదుగురు మనుషులను జనం కొట్టి చంపారు. వాళ్ళు నాథ్ గోసావీలు. ఊరూరా తిరిగి భిక్ష అడిగి బతికే సంచార జాతివారు. వాళ్ళు ఏ బిడ్డనూ ఎత్తుకుపోలేదు. కొత్త ముఖాలు కావడం, సంచారులు కావడం, ఇవే వాళ్ళ ప్రాణాలు తీశాయి.

ఆ రోజుల్లో ఎక్కువగా తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు వీధిలో ఆడుకుంటున్న బాబును ఎత్తుకుపోతారు. అది నిజమైన సంఘటన కాదు. పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులకు తెలియజెప్పడానికి కరాచీలో తీసిన చిన్న చిత్రం. చివర బాబును తిరిగి అప్పగించి, అసలు సంగతి రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి పంపారు.

గంగాళం ఆటలో చివరి ఘట్టం పంపకం. దోచింది తిరిగి అందరి ముందుకు వస్తుంది. ఆ వీడియోలోనూ చివరి ఘట్టం తిరిగి అప్పగించడమే. దాన్ని కత్తిరించడంతో హెచ్చరిక కాస్తా విషమైంది. పంపినవాడికి నాయక్ లేడు, వరస లేదు, గడువు లేదు. ఎవరికి చేరుతుందో వాడికే తెలియదు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. మన పెద్దలు ఏ యంత్రమూ లేకుండానే అలాంటి హద్దులు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన వంతు

యువతకు ఒక మాట. మన హోలీలో కూడా కంచెలు సడలుతున్న చోట్లు ఉన్నాయి. ఇష్టం లేని అమ్మాయి మీద బలవంతంగా రంగు పూసి, హోలీ కదా అనడం మన ఆచారం కాదు. మన ఆచారంలో కర్ర ఉన్నది ఆడవాళ్ళ చేతిలో. బండి ఆపి, భయపెట్టి తీసుకున్నది ఫాగ్ కాదు. పాట పాడి, నవ్వించి తీసుకున్నదే ఫాగ్. లెంగీ పాటను డీజే హోరులో ముంచేస్తే ఎగతాళిలోని చమత్కారం వినబడదు, తిట్టు మాత్రమే మిగులుతుంది. ఆటపట్టించి వీడియో తీసి పదిమందికీ పంపేటప్పుడు, అందులో ఉన్న మనిషి మనతో కలిసి నవ్వుతున్నాడో లేదో ఒకసారి చూడండి.

వచ్చే హోలీకి మీ తండాలో ఒక పని చేయండి. నాయక్‌ను, కారోబారీని, లెంగీ పాడే అవ్వలను కూర్చోబెట్టి అడగండి. గంగాళం దగ్గర ఎవరు నిలబడాలి? ఎవరు ఎవరిని కొట్టకూడదు? కర్ర ఎప్పుడు దించాలి? ఫాగ్ లెక్క ఎవరి దగ్గర ఉండాలి? వాళ్ళు చెప్పింది గోర్ బోలీలోనే, తెలుగు లిపిలో రాసుకోండి. పాటలను చాలామంది రికార్డు చేస్తున్నారు. ఈ నియమాలు మాత్రం పెద్దల నోట్లోనే ఉన్నాయి, వాళ్ళతోనే వెళ్ళిపోతాయి. ఒకప్పుడు మన గురించి పోలీసులు పుస్తకాలు నింపారు. మన ఆటకు ఉన్న నీతి గురించి పుస్తకం మనమే రాసుకోవాలి.